మెడ వెనక చెయ్యి

మొన్న మధ్యాహ్నం చింతపండు గింజ తీస్తూ కూర్చున్నాను. జగదల్‌పూర్ ఆస్పత్రిలో నర్సు పని చేసే మా మనవరాలు, తన పెళ్లికని సెలవు పెట్టి వచ్చింది, పక్కనే ఫోన్‌ను చెంబుకు ఆనించి ఢిల్లీ చానెల్ ఏదో చూస్తోంది. ఇస్లాంలో సంస్కరణ మీద చర్చట. తెర మీద గళ్లు గళ్లుగా మనుషులు, అందరూ మగవాళ్లే, అందరూ ఒకేసారి అరవడమే. ఒక్క గడిలో మాత్రం మా మతం ఆడమనిషి. ఆమె "పెళ్లిలో స్త్రీని అడగాలని మా దీనులోనే, మా ధర్మంలోనే ఉంది" అని మొదలు పెట్టిందో లేదో, ఒక గడ్డపాయన నువ్వు ద్రోహివన్నాడు, ఇంకో గడిలో బొట్టు పెట్టుకున్నాయన మీ మతమే అంతన్నాడు. ఇద్దరూ కలిసి ఆమె మాటను తొక్కేశారు. "కట్టెయ్యి, రీచార్జి దండగ" అన్నాను. కట్టేసి అడిగింది: "నానమ్మా, శుక్రవారం నన్ను నిజంగనే అడుగుతరా, అడిగినట్టు చేస్తరా?" ఊరికే అడగలేదు. పెళ్లికొడుకు తండ్రి పొద్దునే ఫోన్ చేసి, మీ ఇంటి కొత్త పద్ధతులు మా దగ్గర వద్దు, పిల్ల తలూపితే చాలు అని చెప్పి ఉన్నాడు. ఆయన కొత్త పద్ధతి అన్నది మా చిన్నాయన సంగతి.

తెలుగు రాష్ట్రపు హద్దు అవతల, తర్లగూడ వైపు మా ఊళ్లో సాయిబుల ఇళ్లు నాలుగంటే నాలుగు. దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టడం మా పని. ఇంట్లో తెలుగు, సంతలో హిందీ, ఇప్పపువ్వు తెచ్చే అడవివాళ్లతో వాళ్ల దొర్లి భాష, నమాజుకు అరబ్బీ, ఖాజీ గారితో ఉర్దూ. ఇన్ని భాషలుండీ పెళ్లికూతుర్ని మాత్రం ఏ భాషలోనూ అడిగేవాళ్లు కాదు. పందిట్లో మగవాళ్లు, లోపల పరదా వెనక పిల్ల. ఆమె తరఫున మాట అడిగే పెద్దమనిషి, వకీలంటారు, సాక్షుల్ని తీసుకుని పరదా దాకా వచ్చి ఉర్దూలో ఏదో చదివి "కుబూల్ హై?" అంటాడు. పిల్ల వెనక ఇంటి పెద్దావిడ కూర్చుని ఉంటుంది. ముసుగు కింద మెడ మీద అరచెయ్యి వేసి ఒక్క నొక్కు నొక్కుతుంది. తల వంగుతుంది. "తలూపింది!" అని కేక. బయట ఖర్జూరాలు పంచుతారు. మూడో తరగతితో బడి మాన్పించిన నాకూ అట్లాగే అయింది. ఆ చెయ్యి మా మేనత్తది, ఉల్లిగడ్డ వాసన కొట్టింది. మా ఆయన మంచివాడే, ఆయన మీద నాకేం ఫిర్యాదు లేదు. కాని అడిగితే ఒప్పుకునేదాన్నో లేదో నాకిప్పటికీ తెలియదు. తెలుసుకునే వీలు ఆ చెయ్యి తీసుకుపోయింది.

మా చెల్లి పెళ్లినాటికి చిన్నాయన వకీలు. పని వెతుక్కుంటూ భద్రాచలం వైపు కొన్నేళ్లు తిరిగి, తెలుగులో అర్థం రాసిన ఖురాన్ కొని తెచ్చుకున్నాడు. దూది ఏకే విల్లు గోడకు తగిలించాక సాయంత్రాలు దాన్ని వేలు పెట్టి చదివేవాడు. ఆ రోజు పరదా దగ్గరికొచ్చి, ఉర్దూ మాటలు ముగించి, తెలుగులో మొదలెట్టాడు. "బిడ్డా, ఈ పిలగాన్ని చేసుకునుడు నీకిష్టమేనా? నోరు తెరిచి చెప్పు." మేనత్త చెయ్యి పైకి లేచింది. పరదా అవతల నుంచే చిన్నాయన, "అక్కా, ముందు నీ చేతులు ఒళ్లె పెట్టుకో" అన్నాడు. ఆడవాళ్లం కొంగులు నోట్లో కుక్కుకున్నాం. "ఏందిరా నీ కొత్త దీను!" అని మేనత్త గయ్యిమంది. పందిట్లోంచి ఖాజీ గారు, "మియా, కన్నెపిల్ల ఊరుకుంటే ఒప్పుకున్నట్టే" అన్నారు. "అది సిగ్గుపడే పిల్లకిచ్చిన వెసులుబాటు సాబ్. మెడలు వంచేటోళ్లకు కాదు" అని చిన్నాయన పరదా ముందే కూలబడ్డాడు. పెళ్లికొడుకు తండ్రి చెప్పులెక్కడని లేచాడు. డేగిసాలో బిర్యానీ చల్లారిపోతోంది, అంత గొడవలోనూ నా సగం ప్రాణం దాని మీదే. అప్పుడు చెల్లి, పందిరి దాకా వినపడేటట్టు, "చేసుకుంట. కాని బొంతలు కుట్టుడు మాననని చెప్పు. ఒప్పుకుంటరా అడుగు" అంది. తండ్రి నోరు తెరవక ముందే పెళ్లికొడుకు, "మానొద్దను!" అని అరిచాడు. లేచినాయన మళ్లీ కూర్చోక ఏం చేస్తాడు?

అక్కడితో అయిపోలేదు. పరాయి మగవాళ్ల చెవిన పెళ్లికూతురి గొంతు పడిందని ఆ చుట్టుపక్కల మావాళ్లంతా నెలల తరబడి వాదించుకున్నారు. చిన్నాయనకు కొత్త మతంవాడని పేరు. ఆ చలికాలం మావాళ్లెవరూ ఆయనకు ఏకమని దూది ఇవ్వలేదు. నమాజు వరసలో పక్కన నిలబడడానికి వెనకాడినవాళ్లూ ఉన్నారు. "కొత్తదేం లేదు, ఉన్నదే. మీరు మరిచిన్రు" అనేవాడు, అంతే. ఆయన్ను మెచ్చుకోవడానికి వేరే మతం పెద్దమనుషులొకరిద్దరు వచ్చారు, మీవాళ్లకు బాగా గడ్డి పెట్టావని. "నేనెవ్వరికీ గడ్డి పెట్టలే. మా బిడ్డనడిగిన. మీ బిడ్డల్నెవరడుగుతున్నరు?" అన్నాడు. వాళ్లు చాయ్ తాగకుండానే వెళ్లిపోయారు. పోసిన చాయ్ నేనే తాగాను. చిన్నాయన ఉన్నన్నాళ్లూ మా ఇంటి పిల్లల్ని అడిగాకే పెళ్లి; ఆయన పోయాక ఆ పట్టు మెల్లగా సడలింది. చెయ్యి మళ్లీ మెడల మీదికొచ్చింది.

అందుకే మొన్న గింజల చాట పక్కన పెట్టి, పెళ్లికొడుకు తండ్రికి నేనే ఫోన్ చేయించాను. ఖాజీ గారు ఏ భాషలో చదివినా సరే, తర్వాత తెలుగులో అడగాలి, పిల్ల నోటితో చెప్పాలి అన్నాను. "టీవీ చూసి చెడిపోయినవా పెద్దమ్మా?" అన్నాడు. "మా ఇంట్ల టీవీ లేదు నాయనా. పిల్ల వెనక కూర్చునేది నేనే, యాద్ పెట్టుకో" అన్నాను. చివరికి, "సరే, అడగనీ" అని పెట్టేశాడు.

మనవరాలు నా ముఖంలోకి చూసింది. "మరి నేను వద్దంటే నానమ్మా?"

"అంటే బిర్యానీ మనమే తింటం. ఎన్ని రోజులైనా సరే, ఒక్క మెతుకు పారెయ్యనియ్య."

పగలబడి నవ్వింది. అబ్బాయి ఇష్టమని అనలేదు, కాదనీ అనలేదు. నేనూ అడగలేదు. అడగాల్సిన చోటు వేరే ఉంది. శుక్రవారం దాని వెనక మా మేనత్త కూర్చున్న చోటనే కూర్చుంటాను, చేతులు ఒళ్లో పెట్టుకుని. మెడ మీది చెయ్యి దిగడానికి నా బతుకంతా పట్టింది. ఆ పిల్ల నోరు తెరిచేదాకా ఆ కాస్తసేపు ఆగలేనా.