గలగలమన్న లెన్సు

గుంటూరు, ప్రకాశం జిల్లాలు రెండూ కలిపి జల్లెడ పట్టినా, కెమెరా లెన్సును చెవితో విని కొన్న మనిషి నేనొక్కణ్ణే. కంటితో చూసి కొనేవాళ్ళు, పక్కవాడు కొన్నాడని కొనేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. నేను మాత్రం అలా చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టి ఒక్కసారి ఊపి, ఇదీ లెన్సంటే అని తేల్చేశాను. అప్పటికి యాభై దాటినా నా చెయ్యి బండరాయిలా కదలకుండా నిలిచేది కూడాను.

పోయిన ఆదివారం మా మనవరాలితో ఈ మాటే అన్నాను. మా అమ్మాయి కూతురు ఇది, చీమకుర్తిలో నునుపు పట్టిన గ్రానైటు పలకలకు ఫోటోలు తీసే ఉద్యోగం చేస్తోంది. చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక మంచం మీద బోర్లా పడుకుని, ఫోన్లో లెన్సుల ధరలు పైకీ కిందికీ తోస్తోంది. ఫ్లాష్ వేస్తే రాయి బదులు ఫ్లాషే కనపడుతోంది తాతయ్యా, ఈ చివర నుంచి ఆ చివర దాకా రెండు పాయింట్ ఎనిమిది ఉండే జూమ్ కావాలి, నా జీతానికి అందేది కావాలి, అంది. ఆ అంకె చెవిన పడేసరికి, మధ్యాహ్నం కునుకుకు సిద్ధమవుతున్నవాణ్ణి లేచి నిటారుగా కూర్చున్నాను. సరిగ్గా అదే అంకె కోసం నేనూ ఒకప్పుడు గుంటూరు సందులన్నీ తిరిగాను మరి.

నాలాగా రీళ్ళు చుట్టిన చేతులవాళ్ళకు చెప్పక్కర్లేదు గానీ, తెలియనివాళ్ళ కోసం చెబుతాను. లెన్సు కూడా కన్నులాంటిదే, అంకె చిన్నదయ్యేకొద్దీ ఆ కన్ను పెద్దగా తెరుచుకుంటుంది, చీకట్లో కూడా వెలుగును జుర్రుకుంటుంది. కెమెరాతో పాటు ఇచ్చే మామూలు జూమ్ ఉంటుందే, అది దగ్గరికి లాగేకొద్దీ కన్ను మూసుకుంటూ పోతుంది, పెళ్ళిలో రెండో పంక్తికి వచ్చేసరికి వడ్డించేవాడి చెయ్యి బిగుసుకున్నట్టు. లాగినా కన్ను మూసుకోని జూమ్ అయితే రాజాలాంటిది, ధర కూడా రాజుగారిదే.

డిజిటల్ కెమెరాలు వచ్చిన కొత్తల్లో నల్లపాడు స్టేషను దారిలో నాకొక స్టూడియో ఉండేది. డార్క్‌రూములో ఎర్ర బల్బు పీకేసి బియ్యం బస్తా పెట్టుకున్నాం. ఇరవై ఏళ్ళు బొమ్మలు తేలిన గదిలో బియ్యానికి పురుగు పట్టిందని మా ఆవిడ సణుగుతుంటే, నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. అప్పు చేయకుండా ఒక డిజిటల్ కెమెరా, దాంతో వచ్చిన మామూలు జూమ్ కొనుక్కుని, ఇక ప్రపంచం నాదే అనుకుని తిరుగుతున్న రోజులవి.

మా అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. బావ పోయాక చేను కౌలుకు తీసుకుని మిరప వేసింది. ఊళ్ళో అందరికంటే వారం ఆలస్యంగా బస్తాలకు ఎత్తేది, ఎందుకంటే కళ్ళంలో ప్రతి కుప్పలోంచీ నాలుగు కాయలు తీసి చెవి దగ్గర ఊపేది, లోపల గింజ గలగలమంటేనే ఎండినట్టు, లేకపోతే మళ్ళీ ఎండకు పరిచేది. తెల్లబారిన తాలు కాయ ఒక్కటి కూడా ఉండేది కాదు. గుంటూరు మిర్చి యార్డులో ఆమె మాల్ అంటే మూట విప్పకుండానే ధర పలికేవాళ్ళు. (ఇది కొంచెం ఎక్కువ చెప్పాను, విప్పేవాళ్ళు గానీ, ఎక్కువసేపు కెలికేవాళ్ళు కాదు.)

ఆ ఏడు కమీషన్ వ్యాపారి ఒక కొత్త పద్ధతి చెప్పాడు. ఎక్కడో ఉత్తరాదిన ఉన్న కొనుగోలుదారు ఫోటోలు చూసి బేరం ఖాయం చేస్తాడట. కాయను బయటికి తెచ్చి ఎండలో తీస్తే, ఏరి పోసి తీశారంటాడు కాబట్టి, గోడౌన్లో వరసలో ఉన్న బస్తాలను ఉన్నచోటే మూతి విప్పి తీయాలి. మా అక్క గర్వంగా, నా తమ్ముడే ఉన్నాడు కదా, అంది. నేనూ కొత్త చొక్కా వేసుకుని వెళ్ళాను.

ఆ గోడౌన్లో ఉన్నది ఒకే ట్యూబులైటు. ఫ్లాష్ వేసి ఠకఠకా కొట్టేశాను. ఎండిన మిరపకాయ పైపొర మీద ఫ్లాష్ పడితే ఏమవుతుందో మీరెప్పుడైనా చూశారా? ప్రతి కాయ మీదా ఒక తెల్లటి మెరుపు, అచ్చం నీటి చుక్కలా. అటునుంచి కబురు వచ్చింది, కాయ తడిగా ఉంది, తూకం కోసం నీళ్ళు చల్లారు, మాకొద్దు, అని.

రెండోసారి ఫ్లాష్ మానేసి, స్నేహితుడి దగ్గర రెండు జూమ్ లేని లెన్సులు అరువు తెచ్చుకుని వెళ్ళాను. బస్తాల మీద స్టాండు నిలవదు, కుంగిపోతుంది, చేత్తోనే తీయాలి. దూరానికొకటి దగ్గరికొకటి అని ఆ మిరప ఘాటులో నిలబడి లెన్సు మార్చబోతే పెద్ద తుమ్ము వచ్చింది, నోరు తెరిచి ఉన్న కెమెరాలోకి మిరప దుమ్మంతా పోయింది. ఫోటోల్లో సగం అలుక్కుపోయాయి, మిగతా సగం నిండా చుక్కలు. ఈసారి కబురు, కాయకు మచ్చ తెగులు ఉంది, అని.

అంటే రెండు వారాల్లో నేనొక్కణ్ణే మా అక్క పంటకు నీళ్ళూ చల్లాను, తెగులూ పట్టించాను. వ్యాపారి మంచివాడు, యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేలోపు ఇంకొక్కసారి పంపిద్దాం, అదీ కాదంటే మాట యార్డంతా పాకుతుంది, ఆ తర్వాత ఆమె సరుకు ఎవరూ ముట్టరు, అన్నాడు.

అక్క మర్నాడు స్టూడియోకి వచ్చింది. అరిచి ఉంటే బాగుండేది. కుర్చీలో కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, "ఏరా, కళ్ళంలో నాకు దాహమేస్తే గట్టు దాకా పోయి తాగొస్తాను, చుక్క కాయ మీద పడుద్దేమోనని. నువ్వు ఒక్క మెరుపుతో మొత్తం తడిపేశావు గదరా" అంది. నేను టీ పోసి అందించబోయాను. సాసర్లో కప్పు టకటకా కొట్టుకుంది. రోడ్డు మీద లారీ పోతోందన్నాను. ఇక్కడ ఇంకో ఒప్పుకోలు చెప్పాలి. బండరాయి లాంటి చెయ్యి అన్నానే, అది అబద్ధం. ఆ ఏడాది నుంచే నా చేతికి వణుకు మొదలైంది. ఫోటోలు అలుక్కుపోవడానికి చీకటి సగం, ఆ వణుకు సగం. ఫోటోగ్రాఫరు చెయ్యి వణుకుతోందని తెలిస్తే పెళ్ళివాళ్ళు గుమ్మం ఎక్కుతారా? ఇంట్లో మా ఆవిడకు చెప్పలేదు, అక్కకు అసలే తెలియనివ్వలేదు.

టీ తాగి అక్క అడిగింది, దీనికి మందేమిటి అని. ఫ్లాష్ లేకుండా తీయగల లెన్సు కావాలి, అక్కడ మార్చే పని లేకుండా జూమ్ అయి ఉండాలి, కెమెరా కంపెనీవాడిదైతే నా దగ్గరున్న డబ్బుకు దాని డబ్బా కూడా రాదు, బయటి కంపెనీలవి కొన్ని ఉన్నాయట, చూడాలి, అన్నాను. చూద్దాం, నేనూ వస్తాను, నా కాయ సంగతి కదా, అంది.

రెండు రోజులాగి, శుక్రవారం నాడు, నా మోపెడ్ వెనక కూర్చుని వచ్చింది. పాత కెమెరాలు, లెన్సులు అమ్మే సాయిబు గారి కొట్టు ఒక ఇరుకు సందులో ఉండేది. ఆ సందు మలుపు నాకంటే ముందు అక్కే చెప్పింది, యార్డు మనిషికి గుంటూరు సందులు తెలియకపోతాయా అనుకున్నాను. సాయిబు గారు రీళ్ళ కాలం నుంచి నాకు తెలిసినవాడు. మేం నోరు తెరవకముందే రెండు లెన్సులు తీసి గాజు బల్ల మీద పెట్టాడు. నా అభిరుచి ఆయనకు ఎంత బాగా తెలుసో అని అక్క వైపు గర్వంగా చూశాను. మీరు చూస్తూ ఉండండి, నమాజు చేసుకుని వస్తాను, అని కొట్టు మాకు వదిలేసి వెళ్ళాడు.

ఆ అరగంట నేను బతికినంతగా ఎప్పుడూ బతకలేదు. రెండూ బయటి కంపెనీవే, రెండూ రెండు పాయింట్ ఎనిమిదే. ఒకటి కొత్తది, నిగనిగలాడుతోంది. ఇంకోటి ఎవరో వాడి ఇచ్చినది, రబ్బరు పట్టీ తెల్లబడింది, కొంచెం బరువు. ఒక్కొక్కటే కెమెరాకు తగిలించి, సందులో పోయే సైకిళ్ళను, ఎదురింటి తీగ మీద ఆరేసిన చీర అంచును, అక్క ముక్కుపుడకను లాగి లాగి చూశాను. వెనక ఉన్నవన్నీ కరిగిపోయి ముక్కుపుడక ఒక్కటే నిలిచింది. కొత్తదే తీసుకోవాలని నిశ్చయించుకున్నాను.

అక్క చేతులు కొంగుకు తుడుచుకుని, కొత్తదాన్ని చెవి దగ్గర పెట్టి ఊపింది. చప్పుడు లేదు. పాతదాన్ని ఊపింది. లోపల ఏదో గలగలమంది. "ఇది తీసుకో, బాగా ఎండింది" అంది.

అక్కా, ఇది మిరపకాయ కాదు, గాజు, లోపల ఏదో ఊడింది, అన్నాను. ఎండింది కాబట్టే మోగుతోంది, అంది. ఊడింది, అన్నాను. నువ్వు ఏరినవి రెండుసార్లూ చూశాంగా, ఈసారి నేను ఏరతాను, అంది. సాయిబు గారు తిరిగొచ్చి, మా తగువు విని, నవ్వు ఆపుకుంటూ చెప్పాడు: అమ్మ సరిగ్గానే పట్టింది, ఊడలేదండి, ఒక గాజు లోపల వదులుగా తేలుతూ ఉంటుంది, తీసేవాళ్ళ చెయ్యి ఎటు కదిలితే అది దానికి ఎదురు కదిలి బొమ్మను నిలబెడుతుంది, కొత్తదాంట్లో ఆ ఏర్పాటు లేదు. నేను గంభీరంగా, ఆ సంగతి తెలుసులెండి, మా అక్కను పరీక్షిస్తున్నా, అన్నాను. అంతే, చెవితో కొన్న ఆ గొప్ప అక్కడ పుట్టింది. ఆ చెవి నాది కాదని ఇన్నాళ్ళకు ఒప్పుకుంటున్నాను.

మర్నాడు గోడౌన్లో తలుపు రెక్క సగం తెరిచి, ఆ వచ్చే వెలుగులోనే కెమెరా ఎత్తాను. వణుకుతున్న బొమ్మ, మీట సగం నొక్కగానే, తొణుకుతున్న బిందెను ఎవరో చేత్తో ఆపినట్టు ఆగిపోయింది. తడి లేదు, మెరుపు లేదు, మచ్చ లేదు. కాయ కాయకూ ముడత, తొడిమ దగ్గర వాడిన పచ్చ, ఆ ముదురు ఎరుపు. కెమెరా వెనక తెర మీద చూపిస్తే అక్క చాలాసేపు చూసి, "ఇది నా కాయే" అంది. సెలవుల ముందు రోజు బస్తాలన్నీ లారీ ఎక్కాయి. మరుసటేడు అటునుంచి ఆమె కాయే కావాలని ముందుగా కబురు వచ్చింది.

ఆ లెన్సు ఇప్పటికీ నా బీరువాలో ఉంది, మనవరాలి కెమెరాకు పట్టదట. తీసి ఊపితే ఇంకా గలగలమంటుంది. సాయిబు గారి కొట్టులో ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. ఫోన్లే చీకట్లో చూస్తున్నాయి, వణికినా వాటికి పట్టదు. మనవరాలు చివరికి ఏదో ఒకటి ఎంచుకుని అక్కడికక్కడే ఫోన్లో నొక్కేసింది. నాలుగు రోజుల్లో ఇంటికి వస్తుందట. మంచిదే వస్తుంది, నాకు అనుమానం లేదు. కానీ కొట్టు మన మీద వదిలేసి వెళ్ళేవాడు లేడు, రెండింటినీ బల్ల మీద పెట్టుకుని పోట్లాడే అరగంట లేదు, కొనేముందు చెవి దగ్గర పెట్టి ఊపే వీలు అసలే లేదు. నాకు దిగులుగా ఉన్నది ఆ అరగంట గురించే.

ఇంతవరకు రాసి, నిన్న మనవరాలి చేత అక్కకు చదివించాను. ఎనభై దగ్గర పడినా చాటలో కాయలు పోసుకుని తొడిమలు తీస్తూ చివరిదాకా విన్నది. తలెత్తకుండానే అంది:

"చెవీ లేదు, గివీ లేదు. మనం కొట్టుకు పోయిన ముందురోజే నేను సాయిబు గారి దగ్గరికి ఒక్కదాన్నే పోయి, మా తమ్ముడికి చెయ్యి వణుకుతోంది, దానికేమన్నా ఉందా అని అడిగాను. ఉందమ్మా, ఊపితే మోగుద్ది అన్నాడు. రెంటిలో ఏది మోగుద్దో చూద్దామనే ఊపాను. ఎండిందని అన్నది నీ పరువు కోసం. ఆ రోజు రోడ్డు మీద లారీ ఏదీ పోలేదురా. సరిగ్గా రాయి."