నాలుగో గోడ బాబాయి

లేని గోడను ఉందని నమ్మడం, నమ్మినదాన్ని చచ్చినా వదలకపోవడం. అదీ బాబాయి పిచ్చి.

నాటకంలో గదికి మూడు గోడలే కడతారు. నాలుగోది జనం వైపు ఉందనుకుని నటించాలి. అందరూ అనుకుని ఊరుకుంటారు. బాబాయి మాత్రం ఆ గోడ మీద చెయ్యి ఆనించి, ఒంటికాలి మీద నిలబడి తాపీగా చెప్పులు విప్పేవాడు. హాల్లో ఎవరైనా దగ్గితే, "పక్కింటాయనకి మళ్ళీ జలుబు చేసినట్టుందే" అని వేదిక మీది భార్యతో వాపోయేవాడు.

నాటకం అయ్యాక అందరూ ముందుకొచ్చి దండం పెడుతుంటే ఆయన లోపల కూర్చుని పెట్టుడు గడ్డం పీక్కునేవాడు.

"రండి బాబాయ్, చప్పట్లు కొడుతున్నారు!" అని తోటి నటులెవరైనా పిలిస్తే,

"గోడకి దండం పెట్టమంటావా? నీకేమైనా మతి పోయిందా?"

ఓసారి ఆయన అన్న కూతురు మొదటి నాటకం వేసింది. బాబాయే తండ్రి వేషం. "నాన్నా, నేను పరీక్ష తప్పాను" అనాలి. వేదిక మీదికొచ్చి హాలు చూసింది, అంతే. అన్నీ తలకాయలే. కాళ్ళు వెనక్కి తిరుగుతున్నాయి. ఇప్పుడు పారిపోతే జన్మలో మళ్ళీ వేదిక ఎక్కనని ఆమెకు తెలుసు.

తండ్రి వేషంలో కుర్చీలో కూర్చున్న బాబాయి, చదువుతున్న పేపరు మడిచి లేచాడు. నేరుగా జనం ముందుకొచ్చి మొహం చిట్లించాడు.

"ఈ వీధిలో వాళ్ళకి పనీపాటా లేదు. ఎప్పుడూ మనింట్లోకే చూపు!"

గాలిలో ఒక రెక్క లాగాడు. రెండోది లాగాడు. గడియ పట్టేసినట్టుంది, పిడికిలితో ఓ గుద్దు గుద్దాడు.

"కిటికీ వేసేశానమ్మా. ఇక మనిద్దరమే. చెప్పు."

గడియ పడ్డ చప్పుడు తన చెవులారా విన్నానని ఆ పిల్ల ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది. హాలు లేదు. జనం లేరు. ఎదురుగా తండ్రి ఉన్నాడు. మాట దానంతటదే వచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది.

తెర పడగానే లోపలికి పరిగెత్తింది. "బాబాయ్, నీకూ జనమంటే భయమా?"

"నాకా? ఆ చప్పట్లు వింటుంటే ప్రాణం లాగేస్తుందే! కానీ నేనొక్కసారి అటు తిరిగి నవ్వితే, నీలాంటివాళ్ళకి మర్నాడు గోడ నిలబడదు."

ఎంతమంది భయస్థుల కోసం ఈ మనిషి ఎన్ని చప్పట్లు వదులుకున్నాడో! సగం ఊడిన గడ్డంతోనే ఆయన్ను ఆమె ముందుకు లాక్కొచ్చి నిలబెట్టింది.

బాబాయి దండం పెట్టాడు. మళ్ళీ పెట్టాడు. బాల్కనీ వైపు తిరిగి విడిగా పెట్టాడు. హాలు ఖాళీ అయ్యి, ఊడ్చేవాడు చీపురు పట్టుకొస్తే, వాడికీ పెట్టాడు.