డ్రైవరు సీటు మీద చెప్పులు

అరికాళ్లు ఇంకా మండుతున్నాయి. మధ్యాహ్నం బావి దగ్గర నాపరాళ్ల మీద చెప్పులు లేకుండా చాలాసేపు నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తర్వాత చెబుతాను. పాపను పడుకోబెట్టి, తడిగుడ్డతో కాళ్లు తుడుచుకుని ఇది రాయడానికి కూర్చున్నాను. రాయి చురుక్కుమని తగలగానే ఒక మనిషి గుర్తొచ్చింది. వరంగల్‌లో ములుగు రోడ్డు పక్కన ఒక లారీ షెడ్డు ఉండేది. దాని ముందర, ఎండలో, బోర్లించిన డ్రమ్ము మీద ఉత్త కాళ్లతో కూర్చునే కొమురమ్మ పెద్దమ్మ.

ఆమె మాకు చుట్టం కాదు. షెడ్డు ఆమె భర్తది. మా నాన్న మొగిలి అక్కడ పెద్ద మేస్త్రీ. ఆయన్ను నాన్న అన్నా అని పిలిచేవాడు కాబట్టి ఆమె నాన్నకు వదినె అయింది, నాకు పెద్దమ్మ అయింది. షెడ్డు వెనక సందులోనే మా ఇల్లు. బడి నుంచి రాగానే నాన్నకు సద్ది తీసుకుపోవడం నా పని.

నేను ఏడో తరగతిలో ఉండగా పెద్దమ్మ భర్త లారీ కిందనే పోయాడు. గేర్‌బాక్స్ బోల్టులు బిగిస్తున్నాడు. చాయ్ తాగడానికి వెళ్లిన డ్రైవరు తిరిగొచ్చి, పని అయిపోయిందనుకుని ఎక్కి స్టార్ట్ చేశాడు. బండి గేరులో ఉంది, ఎగిరి ముందుకు దూకింది. ఆ డ్రైవరుకు ఎవరి మీదా పగ లేదు. కిందికి ఒకసారి వంగి చూడలేదు, అంతే.

షెడ్డు అమ్మేస్తుందనుకున్నారు అందరూ. దినాలు కాగానే ఆమె వచ్చి గేటు దగ్గర డ్రమ్ము వేసుకుని కూర్చుంది. నాన్న ఇబ్బందిపడుతూ అడిగాడట, "మోటర్ల గురించి నీకేం ఎరుక వదినె?" అని.

"ఏం ఎరుక లేదు," అంది ఆమె. "మనిషి కిందున్నడా, బయటున్నడా, గంతె సూత్త."

ఆ చూడటంలోనే షెడ్డు మారిపోయింది. బీడీలన్నీ రోడ్డు అవతలికి వెళ్లిపోయాయి. పెట్రోలుతో సామాను కడిగే చోట ఎవరైనా అగ్గిపెట్టె తీస్తే, ఆమె లేచి వచ్చి నోట్లోని బీడీని చేత్తో లాగి పారేసేది. మా నాన్నకు మెడలో తువ్వాలు లేకపోతే ఏదోలా ఉండేది. నడుస్తున్న ఇంజిన్ మీదికి అలాగే వంగేవాడు. ఆమె డ్రమ్ము మీద నుంచే అరిచేది, "మొగిలీ, ఆ ఫ్యాను నీకు చుట్టమా? తువ్వాల దానికి కట్నం పెడుతున్నవా?" వెల్డింగు చేసే ఖాసిం మామ నల్లద్దాల వెనక నుంచి పకపకా నవ్వేవాడు. "నవ్వకు ఖాసిం, నువ్వు అద్దాలు పైకి లేపి సూసుడు నాకు కనబడతలేదనుకుంటున్నవా?" అనగానే ఆ నవ్వు ఆగిపోయేది.

అన్నిటికంటే ఎక్కువ గొడవైంది చెప్పుల దగ్గర. లారీ కింద దూరే మనిషి ముందుగా తన చెప్పులు విడిచి డ్రైవరు సీటు మీద పెట్టాలి అంది ఆమె. తాళంచెవి జేబులో వేసుకుంటే చాలదా అన్నారు. ఆ రోజుల్లో సగం లారీలకు తాళంచెవులు ఉండేవే కావు, రెండు వైర్లు కలిపితే స్టార్టయ్యేవి. చెప్పుల మీద మాత్రం ఎవడూ కూర్చోడు. ముందు వాటిని తీయాలి, తీసేముందు ఎవడివిరా ఇవి అని అడగాలి. ఆమెకు కావలసింది ఆ అడగటమే.

నాన్న ఒప్పుకోలేదు. డ్రైవరుకు సీటంటే దేవుడి గది. ముందర పటం, దానికో దండ, పొద్దున్నే అగరుబత్తి. "బండికి మొక్కి ఎక్కేటోళ్లు వదినె. చెప్పులు పెడితే మళ్లా మన షెడ్డు మొఖం సూత్తరా?" అన్నాడు.

ఆమె వాదించలేదు. నాన్న కిందికి దూరగానే తన కాళ్ల చెప్పులు తీసి తీసుకెళ్లి సీటు మీద పెట్టింది. ఆయన బయటికి వచ్చేదాకా ఉత్త కాళ్లతో కూర్చుంది. ఆ ఎండాకాలమంతా అలాగే సాగింది. నూనె పీల్చుకున్న నల్లటి నేల పెనంలా కాలేది. ఒక కాలు మీద ఇంకో కాలు వేసుకుని కూర్చునేది గానీ, నాన్న కింద ఉండగా చెప్పులు మాత్రం తొడుక్కునేది కాదు. నాన్నకు సిగ్గయ్యేది, కోపమొచ్చేది. అయినా తన చెప్పులు ఇచ్చేవాడు కాదు.

నా సంగతి కూడా చెప్పాలి. పెదనాన్న పోయినప్పటి నుంచి నేను సద్ది గిన్నెతో గేటు దగ్గరే ఆగిపోయేదాన్ని. లారీ కింది నుంచి బయటికి కనిపించే నాన్న కాళ్లు కదిలేదాకా లోపలికి అడుగు పడేది కాదు. కాళ్లు కదలకపోతే గేటు ఊచ పట్టుకుని అంకెలు లెక్కపెట్టేదాన్ని. ఇంట్లో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు పెద్దమ్మ పిలిచింది.

"ఏందే బిడ్డా, రోజూ కాళ్లే సూత్తున్నవ్. మొఖం నచ్చలేదా మీ నాయినది?"

నేను ఏడ్చేశాను. ఆమె ఊరుకో అనలేదు, ఏం కాదు అని కూడా అనలేదు. కొంగుతో నా ముక్కు తుడిచి, "నాక్కూడ భయమే. గందుకే ఈడ కూసున్న," అంది. చెప్పులు విడిచి నా చేతికిచ్చింది. "ఇగ నువ్వు పెట్టిరా పో. ఊకె నిలబడి భయపడితే కాళ్లు గుంజుతయ్."

ఆ రోజు నుంచి ఆమె చెప్పులు సీటు మీద పెట్టడం నా పని అయింది. చేతిలో పని ఉన్నప్పుడు భయం తగ్గుతుందని నాకు అప్పుడే తెలిసింది.

మేడారం జాతర ఏడు అది. నేను పదో తరగతికి వచ్చాను. కేసముద్రం వైపు నుంచి జనంతో బయలుదేరిన లారీ ఒకటి కింద ఏదో టకటకమంటోందని మా షెడ్డులోకి వచ్చింది. బండికి వేపమండలు కట్టారు, బానెట్ నిండా పసుపు పూశారు. ఆడవాళ్లు, పిల్లలు, కోళ్లు, తల్లులకు మొక్కిన బంగారం, అంటే బెల్లం బుట్టలు, అన్నీ దిగి రోడ్డు పక్కన నీడలో సర్దుకున్నాయి. డ్రైవరు పేరు సారయ్య. జల్ది కావాలి అంటూ కాలు నిలవకుండా తిరుగుతున్నాడు.

నాన్న కిందికి దూరబోతూ ఆగి, "ఇయ్యాల్ల ఒక్కరోజు వద్దు వదినె. తల్లుల కాడికి పోయే బండి," అన్నాడు. గొంతులో బతిమాలుడు ఉంది. ఆమె తల ఊపింది. ఆయన కాళ్లు తప్ప కనిపించనంత లోపలికి వెళ్లాక చెప్పులు విడిచి నా వైపు చూసింది. నేను వెళ్లి పెట్టాను. పసుపు వాసన కొట్టే ఆ సీటు మీద ఆ అరిగిన చెప్పులు పెడుతుంటే నా చేతులకే తప్పుగా అనిపించింది.

సారయ్య చాయ్ తాగి వచ్చేసరికి సుత్తి చప్పుడు ఆగిపోయి ఉంది. నాన్న చేత్తో నట్లు తిప్పుతున్నాడు, దానికి చప్పుడుండదు. జనం తొందరపెడుతున్నారు. సారయ్య ఒక్క ఊపున మెట్టెక్కి తలుపు తెరిచాడు.

"ఎవనివిరా ఈ చెప్పులు?"

ఎవరో పెద్దమ్మ వైపు చూపించారు.

"ముండమోపి చెప్పులా? తల్లుల కాడికి పోయే బండ్లనా? మీ ఇంట్ల చెప్పేటోళ్లు లేరా? బుద్ధుండాలె!" ఇంకా చాలా అన్నాడు. రాయలేను. నేను తల వంచుకున్నాను.

పెద్దమ్మ డ్రమ్ము మీద నుంచి లేవలేదు. "తిట్టు కొడుకా, తిట్టు," అంది. "నువ్వు తిట్టినంతసేపు బండి స్టార్ట్ జేత్తలేవు."

"ఎందుకు జెయ్య? పని అయిపాయె గద!"

"జర వంగి సూడు."

వంగి చూశాడు. నాన్న కాళ్లు రెండూ వెనక చక్రానికి ముందు, జానెడు దూరంలో ఉన్నాయి. సారయ్య అలాగే మెట్టు మీద కూలబడిపోయాడు. "చప్పుడు వినబడలే పెద్దమ్మా. అయిపోయిందనుకున్న," అన్నాడు చిన్నపిల్లవాడిలా.

"ఆ రోజు ఆ డ్రైవరు గూడ గట్లనే అనుకున్నడు," అంది పెద్దమ్మ.

నాన్న మెల్లగా బయటికి వచ్చాడు. కింద నుంచి అంతా విన్నాడు. చేతులు గుడ్డకు తుడుచుకుని, మెట్టెక్కి, సీటు మీది చెప్పులు తీసుకొచ్చి ఆమె కాళ్ల ముందు పెట్టాడు. మా సందులో మగవాళ్లు చేసే పని కాదది. ఆమె తొడుక్కోబోయింది. వేళ్లు పట్టీలోకి దూరలేదు. కాళ్లు అంతగా వణుకుతున్నాయి. అప్పుడు చూశాను, అంతసేపూ గట్టిగా మాట్లాడింది ఆమె నోరు ఒక్కటే.

లారీ జనంలో ఒక ముసలావిడ పసుపు నీళ్లు తెచ్చి సీటు మీద చల్లబోయి, పెద్దమ్మను చూసి సంకోచించింది. "మంచిగ చల్లు అవ్వా," అంది పెద్దమ్మ. "అక్కడ నా దిక్కు గూడ ఇంత బంగారం పెట్టుండ్రి."

మరునాటి నుంచి నాన్న చెప్పులు సీటెక్కాయి. జాతర అయ్యాక ఆ దారినే తిరిగొచ్చిన సారయ్య ఒక గోనె ముక్క ఇచ్చి వెళ్లాడు, సీటు మీద పరిచి దానిమీద చెప్పులు పెట్టుకోమని. పక్క షెడ్ల వాళ్లు నవ్వేవాళ్లు. మా వాళ్లు ఆ గోనె ముక్క చిరిగిపోయేదాకా వాడారు.

నేను హన్మకొండలో డిగ్రీ చదువుతుండగా రోడ్డు వెడల్పు చేశారు, షెడ్డు పోయింది. పెద్దమ్మ తమ్ముడి ఊరికి వెళ్లిపోయింది. నాకు పాప పుట్టిన ఏడు ఆమె చనిపోయింది. పాపను ఆమెకు చూపించలేకపోయాను. మా నాన్న ఇప్పుడు పని మానేశాడు. మనవరాలిని ఎత్తుకుంటే ఆయన పది వేళ్లూ దాని వీపు మీద కనిపిస్తాయి. నేను వాటినే చూస్తుంటాను.

నాకు భయమెక్కువ అని మా ఇంట్లో అందరికీ తెలుసు. పాప నిద్రపోతే ఊపిరి చూస్తాను. స్టవ్వు ఆర్పానా అని వెనక్కి తిరిగొస్తాను. మావారు నవ్వుతారు, నేనూ నవ్వుతాను.

ఈ మధ్యాహ్నం మోటారు బాగుచేసే అతను బావిలోకి దిగాడు. ఈ ఇంట్లో మూడు వాటాల వాళ్లకూ అదే మోటారు, నీళ్లు రాకపోతే ఎవరైనా వచ్చి స్విచ్చు వేసేస్తారు. ఫ్యూజు పీకి కొంగున కట్టుకున్నాను. అయినా మనసు ఊరుకోలేదు. చెప్పులు విడిచి, పురికొసతో స్విచ్చుకు అడ్డంగా కట్టి, బావి దగ్గర నిలబడ్డాను. బిందె పట్టుకుని వచ్చిన ఇంటి యజమానురాలు నిర్ఘాంతపోయింది.

"శుక్రవారం పూట గోడకు చెప్పులేందమ్మా? చదువుకున్నదానివి, నీకింత కూడ తెల్వదా?"

"లోపల మనిషున్నాడండీ," అన్నాను.

ఆవిడ వినిపించుకోలేదు, అంటూనే ఉంది. అననీ అనుకున్నాను. కాళ్లు కాలుతున్నాయి. నా చూపు మాత్రం బావిలోకి దిగిన తాడు మీదే ఉంది. తాడు కదులుతోంది.