తోడికోడలి ఇంగ్లీషూ, నా ఆవకాయ జాడీ

కలర్ టీవీలు కొత్తగా వస్తున్న ఆ రోజుల్లో, మా రామచంద్రపురం వైపు పల్లెల్లో, ఇంగ్లీషు వచ్చిన కోడలు కాపురానికొస్తే ఇంటికి రెండో టీవీ వచ్చినంత సందడి. మా మరిది కాకినాడలో ఎమ్మే ఇంగ్లీషు చదివిన పిల్లను చేసుకున్నాడు. నేను పదో తరగతి. ఆ ఇంటికి పెద్దకోడల్ని. అంతవరకూ 'పెద్దమ్మాయ్, పెద్దమ్మాయ్' అంటూ నా వెనకే తిరిగిన మావయ్యగారు, ఆ పిల్ల వచ్చిన వారానికే నా పేరు మర్చిపోయారు.

ఓ పొద్దున ఆయన పేపరు చదువుతూ, "యాక్సిడెంటు, ఇన్సిడెంటు, డిజాస్టరు... అన్నీ ఒకటేగా అమ్మా?" అన్నారు. "కాదండి మావయ్యగారూ. మీ స్కూటరు గేదెను గుద్దితే యాక్సిడెంట్. గుద్దబోయి వెంట్రుకవాసిలో తప్పిపోతే ఇన్సిడెంట్. తుఫానొచ్చి ఊళ్లో కొబ్బరిచెట్లన్నీ పడిపోతే డిజాస్టర్" అంది మా తోడికోడలు. (అంతకు ముందు వారమే ఆయన నిజంగా గేదెను గుద్దారు. ఆ మాట నేనంటే ఇల్లు పీకి పందిరేసేవారు.) ఆయన మురిసిపోయారు. ఇక ఇంట్లో ఏం జరిగినా "చిన్నమ్మాయ్, ఇది ఏ కోవలోకొస్తుందమ్మా?" అనడమే. పాలు పొంగబోయి ఆగితే ఇన్సిడెంట్, నా చేతిలో గ్లాసు జారితే యాక్సిడెంట్. నాకు ఒళ్లు మండిపోయేది. మా పెద్దాడి స్కూలు డిక్షనరీ తిరగేసి, వాటన్నింటినీ మించిన మాట పట్టుకున్నాను: కెటాస్ట్రఫీ. పప్పు రుబ్బుతూ నోటికొచ్చేదాకా వల్లించాను. ఇక తగిన ఘోరం ఒక్కటే కావాలి. మనలో మాట, దేవుడికి దీపం పెట్టేటప్పుడు కూడా (ఎవరికీ దెబ్బ తగలకుండా) ఏదో ఒకటి జరగాలనే దణ్ణం పెట్టుకున్నాను.

జరిగింది. ఏడాదికి సరిపడా నేను పెట్టిన ఆవకాయ జాడీలో ఆ పిల్ల తడి గరిటె పెట్టింది. వారం తర్వాత మూత తీస్తే పైనంతా తెల్లగా బూజు. ఇంటిల్లిపాదీ జాడీ చుట్టూ చేరారు. "చిన్నమ్మాయ్, ఇదేంటమ్మా?" అన్నారు మావయ్యగారు అలవాటుగా. ఆమె నోరు తెరిచేలోపే నేను ముందుకొచ్చి "కెటాస్ట్రఫీ అండీ!" అని గట్టిగా అన్నాను. ఎవరూ వినలేదు. సరిగ్గా అప్పుడే ఆ పిల్ల భోరుమంది. "పోనీలేమ్మా, ఊరుకో" అంటూ మావయ్యగారు, అత్తగారు, ఆఖరికి మా ఆయన కూడానూ! నా కాపురంలో నేనెన్ని ఏడుపులు ఏడ్చానో, ఒక్కరూ ఊరుకోమన్న పాపాన పోలేదు. వాళ్లందరి మధ్యా బూజు అంటిన గరిటెతో నేనొక్కదాన్నే నిలబడ్డాను.

అప్పుడు మావయ్యగారు నా వైపు తిరిగి, "పెద్దమ్మాయ్, కాయలింకా దొరుకుతున్నాయి. మళ్లీ నువ్వే కలపాలి తల్లీ. నీ చెయ్యి పడకపోతే నాకు ముద్ద దిగదు" అన్నారు. నా కోపం సగం చల్లారింది. మిగతా సగం మర్నాడు, ఆ పిల్ల వాచిన కళ్లతో వచ్చి "అక్కా, పాళ్లు నాకూ చెప్పవా?" అన్నప్పుడు బయటపడింది. "పాళ్లేంటే, చేతికే తెలుస్తుంది" అని మూతి తిప్పుకున్నాను.

మావయ్యగారు పోయి చాలా ఏళ్లయింది. మా తోడికోడలికీ జుట్టు నెరిసింది, విశాఖలో ఉంటోంది. ఏటా మామిడికాయలొచ్చే వేళకు ఫోను చేసి, "అక్కా, ఈసారైనా ఆవపిండి ఎంతో చెప్పవే" అంటుంది. గంటసేపు అవీ ఇవీ చెప్పుకుని పడీ పడీ నవ్వుకుంటాం. ఆవపిండి సంగతి మాత్రం చెప్పను. చెప్పేస్తే మళ్లీ ఏడు ఫోను చేస్తుందో లేదోనని భయం.