బావ బదులు పలకని పూట

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో మా ఆళ్లగడ్డ పత్తిచేలకు పొడిమందు వచ్చింది. నాయన దాన్ని నంద్యాల నుంచి తెచ్చి, పలచని గుడ్డలో మూటకట్టి మొక్కల మీద విదిలించమనేవాడు. గాలి ఆడని పూటే చల్లాలి, లేకుంటే మందంతా పక్క చేనుకు పోతుంది. అది విషమని అందరికీ హడలు. అందుకే ఒంటినిండా కంబళ్లు చుట్టుకునేవాళ్లం. మందు చేతులతో నీళ్లు తాగితే విషం కడుపులోకి పోతుందని, చేను అయ్యేదాకా కడవ జోలికే పోయేవాళ్లం కాదు. మందుకు భయపడ్డాం గానీ, ఎండను లెక్కచేస్తేనా!

నా పక్క సాలు మా మేనత్త కొడుకుది. నేనొకటంటే రెండనే మనిషి. అతనితో కయ్యానికే నేను చేనికి పోయేదాన్నన్నా అబద్ధం కాదు.

ఆ భాద్రపదంలో వాన మొహం చాటేసింది. పొద్దు నడినెత్తికొచ్చింది. "ఏందీ బావా, ఆ కంబళిలో గంగిరెద్దు మాదిరి ఉండావే!" అన్నాను. పలకలేదు. ఇంకోటి అన్నాను. దానికీ బదుల్లేదు.

"అలిగినాడులే పాపా, ఇడిసిపెట్టు," అని నాయన నవ్వాడు.

బావ అలగడమా? మూట పడేసి అతని సాలు దిక్కు పోయాను. చూస్తే, చల్లిన సాలులోకే మళ్లీ తూలుతూ పోతున్నాడు. "యాడికి పోతాండావ్ బావా?" అని చెయ్యి పట్టుకున్నాను. పెనం ముట్టుకున్నట్టయింది. మేమంతా చెమటతో ముద్దవుతుంటే అతని ఒళ్లు పొడిగా ఉంది. అంతలోనే కూలిపోయాడు.

"మందు తగిలిందే! చింతపులుసు తాపండప్పా, కక్కించండి!" అని నాయన కేకలేశాడు.

"తెలివి తప్పినోనికి ఏం తాపుతావ్ నాయనా, గొంతుకు అడ్డం పడుతుంది! ఎండ కొట్టింది. కంబళి పీకండి, నీళ్లు పోయండి!" అని అరిచాను. నాయన మీద గొంతు లేపడం అదే మొదలు.

బండి నీడకు మోసుకుపోయి, కడవ నీళ్లన్నీ అతని మీద పోశారు. నేను విస్తరాకుతో విసురుతూ, గుర్తొచ్చిన దేవుళ్లందరికీ మొక్కాను. ఈ మనిషి పోతే నేనెవరితో తగువాడను?

చాలాసేపటికి కళ్లు తెరిచాడు. నన్ను చూసి, "గంగిరెద్దంటివే... మరి సన్నాయి యాడ?" అన్నాడు.

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మరునాటి నుంచి చేతులు కడుక్కుని, సాలు సాలుకూ నీళ్లు తాగితే గానీ కదలనివ్వలేదు నాయన. కంబళ్లు పోయి పాత పంచెలొచ్చాయి.

ఆ కయ్యాల మనిషికే నన్నిచ్చారు. ఇప్పటికీ ఎండపూట అరుగు మీద పలక్కుండా కూర్చుంటే చెంబుతో నీళ్లు పట్టుకుని పరిగెత్తుతాను. నన్ను చూడగానే నా నడక మీదో, వంట మీదో ఒక మాట విసురుతాడు. అది విన్నాక ఆ నీళ్లు నేనే తాగేసి లోపలికి వస్తాను.