ఒక్కసారి చెప్పేవాడు

మా తమ్ముడు పోయాడని పెనుకొండ నుంచి మరదలు ఫోన్ చేసినప్పుడు, హిందూపురంలో నేను పొద్దుటి ప్రార్థనలో ఉన్నాను. ఫోన్ మోగుతున్నా ప్రార్థన ముగించే లేచాను. ఆ పూట దేవుణ్ణి ఏం అడిగానో గుర్తు లేదు.

ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు కంప్యూటర్ మీద గీయడం కొత్తగా మొదలైన రోజుల్లో, వాడు ఒక డిజైన్ సెంటర్‌లో చేరాడు. మగ్గం మీద డిజైన్ నడిపే అట్టలకు చిల్లులు కొట్టే మిషను ఆ కంప్యూటర్‌కే తగిలించి ఉండేది. మిషను పలుకుతోందా లేదా అని చూసుకునే ప్రోగ్రాం ఒకటి ఎవరికీ కనబడకుండా లోపల నడిచేది. సాయంత్రం మిషను ఆపి అందరూ వెళ్ళిపోయినా, అది మాత్రం ‘మిషను పలకలేదు’ అని క్షణక్షణం ఒక ఫైల్‌లో రాస్తూనే ఉండేది. ఆ రాతతో డిస్కు నిండితే కొత్త డిజైన్ దాచే చోటుండదు.

తమ్ముడు దానికి కట్టడి పెట్టాడు. ఒక తప్పును ఒక్కసారే రాయాలి. మళ్ళీ జరిగితే లెక్క మాత్రం పెంచుకోవాలి. పాతబడిన రాత చెరిపేయాలి. వాడి పద్ధతే అది. ఇంట్లో కుళాయి కారినా నోటుబుక్కులో ఒక మాట రాసి, కారినప్పుడల్లా పక్కన గీత పెట్టేవాడు. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా.

నా ప్రార్థన విని నవ్వేవాడు. “అక్కా, దినామూ అదే మాట చెప్తాండావు. దేవుని డిస్కు నిండిపోదా?”

“ఆయన కాడ జాగా అయిపోదులేరా.”

సెంటర్ యజమానికి ఆ కట్టడి మీద అనుమానం. “ఏమప్పా, తప్పులు తుడిపేస్తాండావంట? ఏం దాస్తాండావు?”

“దాసేది కాదన్నా. చెప్పిందే చెప్తే ఎవరూ చదవరు.”

“తప్పులన్నీ నా కండ్లకు కనపడాల!”

వేరే మనిషిని పిలిపించి ఆ కట్టడి తీయించాడు. ఆ రాత ఆయన ఒక్కరోజూ తెరిచి చూడలేదు. పక్షం తిరగకముందే డిస్కు నిండింది. తమ్ముడు నెల్లాళ్ళు గీసిన పెండ్లిచీర అంచు, దాచబోతే చోటు చాలక సగమే మిగిలింది. డిజైన్ బయట అమ్ముకుని, ఈడ చెరిపేశాడని యజమాని పదిమంది నేతగాళ్ళ ముందు అన్నాడు. “నేను చెయ్యలేదు” అన్నాడు తమ్ముడు. అంతే.

“మళ్ళీ పోయి చెప్పురా,” అన్నాను.

“ఒగసారి చెప్పినా కదక్కా.”

ఆ తరువాత ధర్మవరంలో వాడికి ఎవరూ పని ఇవ్వలేదు. పెనుకొండలో పెండ్లిపత్రికలు టైపు చేసుకుంటూ బతికాడు. దొంగ అన్న పేరు పోలేదు.

సమాధి దగ్గరికి యజమాని దండ తెచ్చాడు. “మంచి పనోడమ్మా. నోరు లేదంతే.” నోరుండింది. ఒక్కసారే వాడేవాడు. ఈయన్ను క్షమించమని ఆ సాయంత్రం దేవుణ్ణి అడగబోయాను. ప్రార్థన ముగించకుండానే లేచాను.

నా సంగతీ చెప్పాలి. పోవడానికి రెండు నెలల ముందు తమ్ముడు మా ఇంట్లో అన్నం తింటూ, “ఎడమ పక్క పట్టుకుంటాండాదక్కా,” అన్నాడు. “గ్యాసేమోలే, మజ్జిగ తాగు,” అన్నాను. మళ్ళీ అనలేదు. తగ్గిందనుకున్నాను.

మొన్న మరదలు వాడి నోటుబుక్కు నా చేతిలో పెట్టింది. చివరి పేజీలో ‘ఎడమ పక్క నొప్పి’ అని ఒక్కసారే రాసి ఉంది. దాని పక్క నుంచి పేజీ కింది దాకా గీతలు. ఆఖరి వరుస చివర నాలుగు నిలువు గీతలు నిలబడి ఉన్నాయి. అడ్డగీత లేదు.