పెరటి కాపలాకు మామగారి ఫ్లెక్సీ

మా ఇల్లు ఎచ్చెర్ల దాటాక పెద్దరోడ్డుకు ఆనుకుని ఉంటుంది. ఇంటి పక్క ఖాళీ జాగాలో మా అత్తగారు జామ, బొప్పాయి, వంగ, టమాటా, బీర, ఆనప పెంచుతారు. తెలుగు మాస్టారుగా రిటైరైన మామగారు ఆ తోటకు కాపలా. మా ఇంట్లో పొద్దున్నే కాఫీ కంటే ముందు చిక్కుడుపాదుకు పట్టిన పేనుబంక సంగతి మాట్లాడుకుంటారు.

పురుగుల మీద అత్తగారు బాగానే నెగ్గుకొచ్చారు. పేనుబంకకు బూడిద చల్లేవారు, వేపనూనె సబ్బునీళ్లలో కలిపి కొట్టేవారు. టమాటా మడి ముందు వరసగా బంతి నాటారు. పచ్చపురుగు టమాటాను వదిలి బంతి మీద గుడ్లు పెడుతుందని రేడియోలో విన్నారట. దోమలకు రెండు పూటలా కుండపెంకులో పిడక రాజేసి వేపాకు పొగ వేసేవారు.

కోతులకు మాత్రం ఆవిడ దగ్గర మందు లేదు. మా ఆయన బండి మలుపు తిరగడం ఆలస్యం, రోడ్డవతల చెట్ల మీంచి దిగేవి. ఒక్కో జామపిందె కొరికి, నచ్చక పారేసి, ఇంకోటి కోసేవి. మామగారు కర్ర పట్టుకుని వెళ్తే పెద్ద కోతి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కాసేపు లాక్కున్నారు. ఆయనే వదిలేశారు. తర్వాత ఆయన పాత చొక్కా, పంచె ఒక గడ్డిబొమ్మకు తొడిగాం. మర్నాటికి బొమ్మ ఉంది, పంచె లేదు. అది మూడు రోజుల తర్వాత కరెంటు తీగల మీద కనిపించింది.

అప్పుడు అత్తగారికి అటక మీది ఫ్లెక్సీ గుర్తొచ్చింది. మామగారి రిటైర్మెంటుకు పాత విద్యార్థులు వేయించింది. రెండు చేతులూ జోడించి నవ్వుతున్న ఆయన బొమ్మ, మనిషికి రెండింతలు.

"మామూలు మనిషిని సూసి కోతి బెదరదండి. ఇంతలేసి మొహం సూస్తే బెదురుతాది" అన్నారు అత్తగారు.

"నా మొహం చూసి కోతులు బెదురుతాయా?"

"ముప్పై ఏళ్లు పిల్లలు బెదిరిపోనేదేటి?"

మామగారు కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు.

కోతులు వచ్చేది రోడ్డు వైపు నుంచి కాబట్టి ఫ్లెక్సీని అటు తిప్పి కట్టాం. మా వెదుళ్లు పొట్టివి కావడంతో 'పదవీ విరమణ సన్మానం' అన్న కింది భాగాన్ని వెనక్కి మడిచేశాం. పైన 'మా ప్రియతమ మాస్టారు' మిగిలింది. దాని కింద బంతి వరస, పక్కన పొగ. మేం లోపల తిరిగేవాళ్లం. మాకు కనిపించేది దాని వెనక తెలుపే.

నాలుగు రోజులు ఒక్క కోతీ రాలేదు. అయిదో రోజు పొద్దున, నౌపడకు ఉప్పు కోసం వెళ్తున్న సాలూరు లారీ ఒకటి మా ముందు ఆగింది. డ్రైవరు అరటిపళ్ల అత్తం పట్టుకుని, తలగుడ్డ తీసి, మెల్లగా లోపలికొచ్చాడు. నేను వంకాయలు కోస్తున్నాను. మామగారు బనీనుతో, తలకు తువ్వాలు చుట్టుకుని, మిరపమొక్కలకు పుల్లమజ్జిగ చల్లుతున్నారు. అతను ఆయన్నే అడిగాడు.

"మాస్టారు ఎప్పుడు పోనారండి?"

నేను నోరు తెరిచేలోగా మామగారు చెయ్యెత్తి ఆపారు. ఫ్లెక్సీ వైపు చూసి లెక్క వేసుకుని, "అయిదు రోజులైంది" అన్నారు.

"ఏటైనాదండి?"

"కోతులు."

అతను గట్టు మీద కూలబడ్డాడు.

"నీకు చదువు చెప్పారా?" అని అడిగారు మామగారు.

"మా ఊళ్లో మూడేళ్లు సెప్పినారండి."

"బాగా చెప్పేవారా?"

"ఏమోనండి, కొట్టడం మాత్రం బాగా కొట్టీవోరు. సందులు రానేదని బెంచీ ఎక్కించీసీవోరు. మా అయ్యకి జబ్బు సేస్తే నాను బడి మానేసి కూలికెళ్లినాను. రోజూ సాయంత్రం సైకిలేసుకుని మా పాకకొచ్చి సదివించినారు. ఎనిమిది పాసవకపోతే నాకు లైసెన్సు ఇచ్చీవోరు కాదండి."

మామగారి చేతిలోని మగ్గు వంగి మజ్జిగ ఆయన పాదం మీదే పడుతోంది. ఆయన చూసుకోలేదు. "సవర్ణదీర్ఘ సంధి చెప్పు" అన్నారు.

అతను చటుక్కున లేచి చేతులు కట్టుకున్నాడు. "అ, ఇ, ఉ, ఋలకు సవర్ణములైన అచ్చులు..." అని ఆగిపోయాడు. తువ్వాలు కింది మొహంలోకి తేరిపార చూశాడు.

"మాస్టారూ" అన్నాడు. తర్వాత ఆయన చేతులు పట్టుకుని ఏడ్చాడు. చనిపోయారనుకున్నప్పుడు అంత ఏడవలేదు.

పొగ కుండతో వచ్చిన అత్తగారు అరటిపళ్లు చూసి, "ఎవురికి బాబూ ఇవి?" అని అడిగారు.

"ఈయనకేనమ్మా. పోనారనుకుని తెచ్చినాను."

అసలు చిక్కేమిటంటే, అతను లారీ దిగకముందే ఫ్లెక్సీ ఫొటో తీసి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. మధ్యాహ్నం వరకు ఫోన్లే ఫోన్లు. అన్నీ మామగారే ఎత్తారు. "నేనే మాట్లాడుతున్నాను. అవును, నేనే. లేదు, పోలేదు." ఒకాయన అంతా విని కూడా, "దహనం ఎప్పుడండి?" అని అడిగాడు. "ముందు నీకే చెప్తాను" అని పెట్టేశారు.

అప్పటికే బయల్దేరిపోయినవాళ్లు ఏడుగురు సాయంత్రానికి దండలతో సహా దిగారు. అత్తగారు అందరికీ టీ ఇచ్చి, ఎలాగూ వచ్చారు కదా అని వంగమడిలో కలుపు తీయించారు. వాళ్లలో ఒకాయనకు భావనపాడు వైపు వలల వ్యాపారం ఉంది. కోతుల సంగతి విని, "ముందే సెప్పకపోనారా మాస్టారూ" అన్నాడు. ఆ ఆదివారం పాత వలలు తెచ్చి, ఏడుగురూ కలిసి వెదుళ్ల మీద తోటంతా కప్పేశారు.

కోతులు వారం రోజులు వల మీద నడిచాయి. చేతులు దూర్చి చూశాయి. తర్వాత రావడం మానేశాయి. ఆ ఏడు మొదటిసారి పూర్తిగా పండిన జామకాయ తిన్నాం. ఆ వలలో ఇప్పటిదాకా చిక్కుకున్నది మామగారొక్కరే. మొన్న కూడా పెరట్లోంచి పిలుపు వినిపించింది.

"ఒసే, ఒకసారి ఇలా రా."

"ఎక్కడున్నారండి?"

"బీరపాదు దగ్గర. చొక్కా గుండీ పట్టేసింది."

"కదలకండి. పిందెలు రాలిపోతాయి" అంటూ అత్తగారు, బియ్యం చేటను తీరిగ్గా గోడకు ఆనించి, అటు నడిచారు.